కొత్త టైరు ఎందుకు పేలింది

1971 ఫిబ్రవరిలో నన్ను మెషిన్ షాపు నుంచి రవాణా విభాగానికి అసిస్టెంట్ ఇంజనీరుగా మార్చారు. మా కర్మాగారం పటాన్‌చెరుకు ఇవతల, బొంబాయి రోడ్డుకు దగ్గరలో ఉండేది. విద్యుత్ కేంద్రాలకు కావలసిన భారీ యంత్రాలు తయారుచేసేవాళ్ళం. రవాణా విభాగమంటే షిఫ్టు బస్సులు, క్రేన్లు, లారీలు, వాటి డ్రైవర్లు, మెకానిక్కులు. మెషిన్ షాపు ఇంజనీర్లకు ఆ విభాగం మీద చిన్నచూపు. "ఏం చేశావయ్యా, షెడ్డులోకి తోసేశారు?" అంటూ కొందరు నన్ను ఓదార్చటానికి ఇంటికి కూడా వచ్చారు. నాకేమీ బాధ కలగలేదు. ఈ ఉద్యోగంలో చేరకముందు కృష్ణా జిల్లాలో ఒక ప్రైవేటు బస్సుల కంపెనీలో టైర్ల పని చూసినవాణ్ణి. టైరు నాకు బాగా తెలిసిన వస్తువు.

అప్పటిదాకా మా పెద్ద యంత్రాలు రైల్లో వెళ్ళేవి. రైలుకు పట్టనివి బొంబాయి నుంచి వచ్చే కాంట్రాక్టర్ల ట్రైలర్ల మీద వెళ్ళేవి. ఆ ఏడాది మాకు సొంత ట్రైలర్ వచ్చింది. దాన్ని లాగే ముందు బండిని మేం ప్రైమ్ మూవర్ అనేవాళ్ళం, డ్రైవర్లు పుల్లర్ అనేవారు. దాని వెనక భాగంలో టర్న్ టేబుల్ అనే గుండ్రటి ఇనుప పీట ఉంటుంది. ట్రైలర్ ముందు భాగం దాని మీద కూర్చుంటుంది. అంటే ట్రైలర్ మీద వేసిన బరువులో కొంత ట్రైలర్ చక్రాలు మోస్తే, మిగతాది ముందు బండి వెనక చక్రాలు మోస్తాయి. ఈ పంపకమే ఈ కథకంతా మూలం.

మేం మొదట పంపవలసింది ఒక టర్బైన్ కేసింగ్, అంటే టర్బైన్‌కు కవచంలాంటి పెద్ద ఇనుప పోత. మహారాష్ట్రలో కడుతున్న ఒక విద్యుత్ కేంద్రానికి చేరాలి. మా డిప్యూటీ మేనేజర్ శేషగిరిరావు గారు ఆ ట్రైలర్ కోసం రెండేళ్ళు పైవాళ్ళతో పోరాడిన మనిషి. మన సరుకు మన బండి మీదే పోవాలని ఆయన పట్టుదల. డ్రైవర్‌గా నర్సింలును ఎంపిక చేసింది కూడా ఆయనే. నర్సింలుది హత్నూర. ఇంటి దగ్గర పొలం ఉంది, అన్నలు సేద్యం చేస్తారు. తను మాత్రం సంగారెడ్డిలో లారీలు తోలి, తర్వాత మా దగ్గర చేరాడు. ఆ బండి తాళంచెవి తన చేతికి ఇచ్చిన రోజు కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు.

ఏప్రిల్‌లో ట్రయల్ రన్ పెట్టారు. కేసింగ్ బదులు అంతే బరువున్న ఇనుప దిమ్మెలు ఎక్కించి సంగారెడ్డి దాకా వెళ్ళి రావాలి. శేషగిరిరావు గారు జీపులో ముందు వెళ్ళారు. నేను షాపులో ఒక క్రేన్ మొరాయిస్తే అక్కడే ఉండిపోయాను. మధ్యాహ్నం కాకముందే కబురు వచ్చింది. కంది దగ్గర మలుపులో ముందు బండి వెనక టైరు పేలి, ట్రైలర్ పక్కకు ఈడ్చుకుపోయి జొన్న చేలో దిగబడింది. భయంతో కిందికి దూకిన క్లీనర్ మల్లేశానికి మెడ పక్క ఎముక విరిగింది. నర్సింలుకు దెబ్బలేమీ తగల్లేదు. నేను వెళ్ళేసరికి రోడ్డు పక్కన నిలబడి స్టీరింగు పట్టుకున్నట్టే రెండు పిడికిళ్ళు బిగించి ఉన్నాడు.

పేలింది కొత్త టైరు. అందరి అనుమానం నర్సింలు మీదికి మళ్ళటానికి అదే కారణం. అరిగిన టైరు పేలితే టైరును తిట్టేవారు. నెల కూడా తిరగని టైరు పేలిందంటే బండిని ఉరికించి ఉంటాడని తేల్చేశారు. శేషగిరిరావు గారికి కోపం కంటే అవమానం ఎక్కువగా ఉంది. మర్నాడే నర్సింలుకు మెమో ఇచ్చి, విచారణ తేలేదాకా విధుల్లోకి రావద్దన్నారు.

మెమో తీసుకుని షెడ్డు వైపు వచ్చిన నర్సింలును కూర్చోబెట్టి, ఏం జరిగిందో చెప్పమన్నాను.

"ఏం జెప్పాలె సారూ? ఉరికియ్యలే. సైకిలోడు నన్ను దాటిపోయిండు, గంత మెల్లగ పోతున్న. మలుపుల ఎనకకెల్లి ఎవలో గుంజినట్లయింది. ఇగ బండి నా మాట ఇనలే. అందరు నన్నే అడుగుతున్రు. గా టైరును ఎవలన్న అడిగిండ్రా?"

ఆ మాట నాకు సబబుగా తోచింది. టైరును అడగటం నా పని.

మా టైరు ఫిట్టర్ ఖాసిం, నేను పేలిన టైరును షెడ్డులో పరిచి కోసి చూశాం. టైరు లోపల దారాలతో నేసిన పొరలు ఉంటాయి, వాటిని ప్లై అంటారు. బరువు మోసేవి అవే, పైనున్న రబ్బరు కాదు. టైరు పక్కగోడ మీద పద్నాలుగు ప్లై, పదహారు ప్లై అని ఉంటుంది. నైలాన్ వచ్చాక అది పొరల లెక్క కాకుండా పోయింది. పాతకాలపు నూలు టైరులో అన్ని పొరలు ఉంటే ఎంత బలం ఉంటుందో అంత బలం అని మాత్రమే దానర్థం. ఈ టైరు లోపల దారాలు కరిగి ఒకదానికొకటి అంటుకున్నాయి. మేకు గుచ్చుకుంటే అలా కాదు. వేడికి మాత్రమే అవుతుంది. మోయగలిగిన దానికంటే ఎక్కువ మోస్తూ తిరిగే టైరు ప్రతి చుట్టుకూ నలుగుతుంది. నలిగేకొద్దీ లోపల వేడి పుడుతుంది. వేగం ఎక్కువైనా వేడెక్కుతుంది, నిజమే. అయితే వేగమే కారణమైతే ఆ ఇరుసు మీది టైర్లన్నీ ఉడికి ఉండాలి. దీని పక్కనే బిగించిన జోడు టైరును కూడా ఖాసిం విప్పి లోపల చెయ్యి పెట్టి తడిమాడు. "ఇస్కో కుఛ్ నహీ హువా సాబ్," అన్నాడు. దానికేమీ కాలేదు.

ఆ జోడు టైరు పాతది. రేయాన్ దారంతో చేసినది, కొంత అరిగింది. పేలినది కొత్త నైలాన్ టైరు. రెంటి మీదా ఒకే సైజు రాసి ఉంది, ఒకే రిమ్ముకు పడతాయి. స్టోర్సులో ఉన్న పాత టైర్లు వృథా కాకూడదని, ప్రతి జంటలో ఒక కొత్తది, ఒక పాతది వేయమని శేషగిరిరావు గారే ఆదేశించారు. కొత్తదాని బలం పాతదానికి తోడవుతుందని ఆయన ఉద్దేశం. ఆ రోజుల్లో టైర్లు అడిగిన వెంటనే దొరికేవి కావు, అందువల్ల ఆ ఆలోచన పూర్తిగా తప్పని కూడా అనలేం. మామూలు లారీకైతే చాలాకాలం గడిచిపోయేది కూడా.

నేను ఆయన గదికి వెళ్ళి షెడ్డుకు ఒకసారి రమ్మని అడిగాను. "మొత్తం బరువు బండి కెపాసిటీ లోపలే ఉంది కదయ్యా, ఇంకేం చూపిస్తావు?" అన్నారు. మొత్తం సరిపోయిందనీ, ఏ టైరు మీద ఎంత కూర్చుందో చూడాలనీ చెప్పాను. విసుక్కుంటూనే వచ్చారు.

పేలినదాని స్థానంలో అదే రకం కొత్త టైరు బిగించి, గాలి కొలిచి నింపి, ఇరుసును జాకీ మీద లేపి ఉంచాం. ఒక పొడవాటి తిన్నని చెక్క బద్దను వెనక నాలుగు టైర్ల మీద అడ్డంగా పెట్టాను. బద్ద రెండు కొత్త టైర్ల మీద ఆనింది. పాతవాటికీ బద్దకీ మధ్య సందు మిగిలింది. ఖాసిం ఆ సందులో తన వేలు దూర్చి అటూ ఇటూ ఆడించాడు.

అప్పుడు నేను చెప్పిందింతే. జంటలో ఎత్తుగా ఉన్న టైరు ముందు నేలను ఆనుతుంది. పొట్టిది దాని పక్కన సగం గాలిలో తిరుగుతుంది. కాబట్టి రెండు టైర్ల బరువూ ఒక్క కొత్త టైరే మోసింది. బలమైనది కాబట్టి కంది దాకా మోసింది, మలుపులో బరువు ఇటు ఒరిగేసరికి పేలింది. దాని జోడు మాత్రం పని లేకుండా చల్లగా వచ్చింది.

శేషగిరిరావు గారు వంగి ఆ సందును చూశారు. ఖాసింను జరగమని తన వేలు కూడా పెట్టి చూశారు. లేచి, "ఆ మెమో నేనే వెనక్కి తీసుకుంటాను. ఇంకా ఏమన్నా ఉందా?" అన్నారు. ఉంది సార్ అన్నాను.

అదే దిమ్మెలను ట్రయల్ రోజున పేర్చినట్టే పేర్చి బండిని కాటా దగ్గరికి తీసుకెళ్ళాం. అందరూ బండి మొత్తాన్ని కాటా ఎక్కించి ఒక అంకె రాసుకుంటారు. నేను ఒక్కో ఇరుసునే ఎక్కించాను. ట్రైలర్ చక్రాల మీద రావలసిన దానికంటే తక్కువ బరువు పడుతోంది. ముందు బండి వెనక ఇరుసు మీద ఆ నాలుగు టైర్లు మోయగలిగిన దానికంటే బాగా ఎక్కువ ఉంది. దిమ్మెలన్నీ ముందుకు పేర్చటం వల్ల టర్న్ టేబుల్ మీద భారం పెరిగింది. మొత్తం అంకె సరిగ్గానే ఉంది, పంపకం తప్పింది. ఎక్కువ బరువు పడ్డ ఆ ఇరుసుకు జోడు కుదరని టైర్లు కూడా తోడయ్యాయి.

ఆ సాయంత్రం ఆయన జనరల్ మేనేజర్ గదిలో, నా ఎదుటే, తన ఆదేశం వల్లే టైరు పేలిందని చెప్పారు. మహారాష్ట్ర నుంచి రోజూ టెలిగ్రాములు వస్తున్న సమయం అది. కేసింగ్ ఎప్పుడు కదులుతుందని జనరల్ మేనేజర్ అడిగారు. శేషగిరిరావు గారు నా వైపు చూపించి, "టైర్లు బాగున్నాయని ఇతను అన్న రోజు," అన్నారు. నా ఉద్యోగంలో నాకు చాలా మెచ్చుకోలు కాగితాలు వచ్చాయి. ఆ మాటకు సాటి వచ్చేది వాటిలో ఒక్కటీ లేదు.

టైర్ల ఎంపిక ఎలా చేశామో కొంచెం చెప్పాలి. బండికంతటికీ ఒకే రకం టైరు వేయటం సులువే, కానీ ఒక్కో ఇరుసు చేసే పని వేరు. ముందు చక్రాలు దారి చూపిస్తాయి. వాటికి చుట్టూ నిలువు గాడులు ఉన్న రిబ్ టైరు కావాలి, అది పక్కకు జారదు. ముందు బండి వెనక చక్రాలు లాగుతాయి. వాటికి అడ్డంగా మందపాటి కట్లు ఉన్న లగ్ టైరు కావాలి, అది నేలను పట్టుకుంటుంది. ట్రైలర్ చక్రాలు లాగవు, మోస్తూ దొర్లుతాయి అంతే. వాటికీ లగ్ టైర్లే వేస్తే గట్టిగా ఉంటుందని షెడ్డులో చాలామంది అన్నారు. ఎండాకాలం తారు రోడ్డు మీద ఆ మందపాటి రబ్బరు ఊరికే వేడిని దాచుకుంటుంది. అక్కడ కూడా రిబ్ టైర్లే వేయించాను. రీట్రేడ్ చేసినవి, అంటే అరిగిన టైరు మీద కొత్త రబ్బరు ఎక్కించినవి, ఈ బండికి వద్దన్నాను. ఒక ఇరుసు మీద అన్నీ ఒకే కంపెనీ, ఒకే ప్లై, ఒకే ఎత్తు ఉండాలి. ఇంకొక షరతు కూడా పెట్టాను. జంటలో ఒకటి దారిలో పోతే, బండి ఆపుకునేదాకా రెండోది ఒంటరిగా మోయగలిగేంత బలం మిగులు ఉండాలి. దాంతో పద్నాలుగు ప్లై సరిపోతుందన్న చోట పదహారు ప్లై తీసుకున్నాం.

అన్నీ కొత్తవి దొరకలేదు. శేషగిరిరావు గారు స్వయంగా హైదరాబాదు వెళ్ళి డీలర్ల చుట్టూ తిరిగి లగ్ టైర్లు సంపాదించారు. ట్రైలర్‌కు తక్కువైన వాటి కోసం ఖాసిం, నేను కర్మాగారంలోని లారీలన్నిటి టైర్లూ చుట్టుకొలత తీసి, పెద్దగా అరగని పదహారు ప్లై టైర్లలో సరిసమానమైన వాటిని జోడు కట్టాం. లారీ డ్రైవర్లు మా మీద గుర్రుగా ఉండేవారు. ఖాసిం మాత్రం పెళ్ళిళ్ళ పేరయ్యలా "రిష్తా కలుపుతున్న సాబ్, జోడీ కుదరాలె," అని నవ్వేవాడు.

ఇక బండి సిద్ధం, డ్రైవర్ లేడు. మెమో రద్దయిందని కబురు పంపినా నర్సింలు రాలేదు. జీపు వేసుకుని హత్నూర వెళ్ళాను. అతను అన్నతో పొలం కాడికి పోయాడట. భార్య లక్ష్మమ్మ వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. నేనెవరో తెలిశాక చాట పక్కన పెట్టి లేచి నిలబడింది.

"మా ఆయనను మల్ల గా బండి ఎక్కియ్యకుండ్రి సారూ. మల్లేశం ఎముక ఇరిగింది. ఇంకోపారి ఏమయితదో ఎవలకెర్క?"

తప్పు నర్సింలుది కాదని, టైర్లదని, ఇప్పుడు అన్నీ మార్చామని చెప్పాను. ఆమె అంతా విన్నది.

"టైర్లు మంచిగ పెట్టిన అంటున్నవ్. మరి నువ్వు గూడ కూసుంటవా సారూ గా బండ్ల?"

ఆ వైపు పల్లెల్లో నువ్వు అనటంలో అమర్యాద లేదు. ఆ ప్రశ్నలో మాత్రం మొహమాటం కూడా లేదు. నేను జీపులో వెనక రావాలని అప్పటికే ప్రయాణం ఖరారైంది. "కూర్చుంటాను. చివరిదాకా ఆయన పక్కనే ఉంటాను," అన్నాను. నర్సింలు వచ్చాక ఆమే చెప్పింది, "సారు గూడ ఎక్కుతడట, పో" అని.

వచ్చిన రోజే నర్సింలు నాతో వాదన పెట్టుకున్నాడు. టర్న్ టేబుల్ భారం తగ్గించటానికి నేను కేసింగ్‌ను ట్రైలర్ మీద వెనక్కి జరిపించాను. అతను చుట్టూ తిరిగి చూసి, "గింత ఎనకకు పెడితే ఎక్కుడు కాడ చక్రం ఉట్టిగనే తిరుగుతది సారూ. నాకు పట్టు దొరకది," అన్నాడు. ఎత్తు ఎక్కేటప్పుడు లాగే చక్రాల మీద కొంత బరువు లేకపోతే అవి నేలను పట్టవు, నిజమే. మళ్ళీ కొంచెం ముందుకు జరిపి, ఇరుసు ఇరుసూ కాటా వేసి, నా లెక్కకూ అతని పట్టుకూ సరిపోయే చోట కేసింగ్‌ను గొలుసులతో బిగించాం.

మే నెలలో ఒక ఉదయం బయలుదేరాం. అలాంటి సరుకుతో పగలే నడవాలి, సైకిలు వేగాన్ని మించకూడదు. గేటు దగ్గర మా వాళ్ళంతా నిలబడ్డారు. మల్లేశం భుజానికి కట్టుతోనే వచ్చాడు. కంది మలుపు దగ్గర నర్సింలు గేరు తగ్గించాడు. బండి మలుపు తిరిగి తిన్నగా అయ్యాక గట్టిగా ఊపిరి వదిలి, "మంచిగ ఉన్నది సారూ, నేను చెప్పినట్టు ఇంటున్నది," అన్నాడు.

సంగారెడ్డి చౌరస్తాలో జనం దుకాణాలు వదిలి వచ్చి చూశారు. ఆగిన ప్రతిచోటా టైర్లన్నిటినీ చేత్తో తాకి చూసేవాళ్ళం. జంటలో ఒకటి వేడిగా, ఒకటి చల్లగా ఉంటే పంపకం చెడినట్టు. అన్నీ ఒకేలా ఉన్నాయి. జహీరాబాదు చేరేసరికి ఎండ మండిపోతోంది. గాలి కొలిస్తే ఉదయం కంటే ఎక్కువ చూపించింది. మల్లేశం బదులు వచ్చిన కొత్త క్లీనర్ కొంచెం గాలి వదలబోయాడు. నర్సింలు అరిచాడు. "ఏయ్, ముట్టకు! వేడికి పెరిగిన గాలి అది. ఇప్పుడు తీస్తే చల్లారినంక తక్కువయితది, అప్పుడు నలిగి పేల్తది." ఆ సంగతి అతనికి చెప్పింది నేనే. నా నోటితో చెప్పినప్పటి కంటే అతని నోట విన్నప్పుడు నాకు ఎక్కువ గర్వంగా అనిపించింది.

రెండో రోజు సరిహద్దు దాటాక ఒక పల్లం వచ్చింది. ఎదురుగా ప్రయాణికులతో నిండిన బస్సు ఎక్కుతోంది. దానికి దారి ఇవ్వటానికి నర్సింలు బండిని ఎడమ అంచుకు తీశాడు. అక్కడ ఏదో పదునైన రాయి ఉన్నట్టుంది, వెనక ధడేల్మని చప్పుడైంది. నా చేతులు డాష్‌బోర్డును పట్టుకున్నాయి. ఈసారి వెనక నుంచి ఎవరూ గుంజలేదు. బండి ఒరగలేదు, ఈడ్చుకుపోలేదు. నర్సింలు సడన్ బ్రేకు వేయలేదు. బస్సు దాటేదాకా స్టీరింగు కదలకుండా పట్టి, గేరు తగ్గించుకుంటూ పల్లం దిగి, చదునైన చోట ఆపాడు.

దిగి చూస్తే ట్రైలర్ వెనక ఇరుసు మీద బయటి టైరు పక్కగోడ చీలిపోయి ఉంది. లోపలి టైరు ఒక్కటే ఆ భారం అంతా మోసుకుంటూ అక్కడిదాకా వచ్చింది. దానిమీద చెయ్యి వేశాను. వేడిగా ఉంది గాని చెక్కుచెదరలేదు.

వెనక జీపులో వస్తున్న శేషగిరిరావు గారు పరుగున వచ్చి చూశారు. బస్సు వెళ్ళిన వైపు ఒకసారి చూసి నర్సింలు చెయ్యి పట్టుకున్నారు. "నిన్ను అనవలసింది కాదయ్యా," అన్నారు. నర్సింలు సిగ్గుపడి, "స్టెప్నీ తీస్త సార్," అంటూ అటు వెళ్ళాడు. ఆ రోజు మాత్రం స్పేర్ చక్రం బిగించటానికి డిప్యూటీ మేనేజర్, అసిస్టెంట్ ఇంజనీరు, డ్రైవర్ ముగ్గురమూ చొక్కాల చేతులు మడిచి పానా తిప్పాం.

కేసింగ్ గీత కూడా పడకుండా చేరింది. ఆ తర్వాత మా విభాగంలో మూడు పద్ధతులు ఖాయమయ్యాయి. భారీ సరుకు ఏదైనా ఇరుసు ఇరుసూ కాటా వేయందే గేటు దాటకూడదు. జంట టైర్లకు చెక్క బద్ద పెట్టి చూడందే సరుకు ఎక్కించకూడదు. టైర్ల మీద అనుమానం ఉంటే బండిని ఆపే అధికారం రవాణా ఇంజనీరుకూ డ్రైవరుకూ సమానంగా ఉంటుంది. మూడోదాన్ని ప్రతిపాదించింది శేషగిరిరావు గారు. నర్సింలు తర్వాతి ఏళ్ళలో ఆ అధికారాన్ని రెండుసార్లు వాడాడు, రెండుసార్లూ అతని అనుమానమే నిజమైంది. నేను రవాణా విభాగంలో ఉన్నన్నాళ్ళూ మా ట్రైలర్ మళ్ళీ రోడ్డు దిగలేదు.

ఈ వృత్తిలోకి వచ్చే యువ ఇంజనీర్లకు నేను చెప్పగలిగింది ఇది. టైరును దాని మీద రాసిన సైజును బట్టి కాక, ఆ ఇరుసు చేసే పనిని బట్టి, దాని పక్కన ఉండే జోడును బట్టి ఎంచుకోవాలి. మొత్తం బరువు పరిమితిలో ఉందని ఊరుకోకుండా, ఏ చక్రం మీద ఎంత పడుతోందో కొలవాలి. ప్రమాదం జరిగితే ముందు బండిని పరీక్షించి, ఆ తర్వాతే మనిషిని విచారించాలి.